నాన్న కట్టిన కేబుల్

వేట నిషేధం మొదలైందంటే మా ఊళ్ళో ఆడవాళ్ళకి ఊపిరాడదు. ఏప్రిల్ నడుమ నుంచి మే ఆఖరు దాకా బోట్లు ఒడ్డెక్కి ఉంటాయి, మగాళ్ళు వీధుల్లో ఉంటారు. మా నాన్న పోలారావు అయితే సరిగ్గా మా గుమ్మానికీ మా మేనత్త చిన్నమ్మి గుమ్మానికీ మధ్య ఇసకలో గోనె పరుచుకుని, వల ముందేసుకుని కూర్చునేవాడు. వల బాగుచెయ్యాలంటే నీడ కావాలి కదా అనేవాడు. నీడ మా ఇంటి వెనక కొబ్బరి చెట్ల కింద బోలెడంత ఉంది. ఆయన కూర్చున్నది నాకు కాపలా. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు.

అది 2006 వేసవి. మాది వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. నేను పలాసలో కంప్యూటర్స్‌తో డిగ్రీ చదువుతున్నాను. ఎదురింట్లో అత్త, అత్త కొడుకు వాసు బావ. నన్ను వాసుకే ఇస్తారని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అందరూ అనే మాటే. అనీ అనీ అది నాకు కూడా ఇష్టమైపోయింది. దాచుకోవడం ఎందుకు, చాలా ఇష్టమైపోయింది.

మా ఉద్దానంలో అక్షరం ముక్క రాని ముసలమ్మలకి కూడా ఒక ఇంగ్లీషు మాట వచ్చు. క్రియాటినిన్. కిడ్నీలు ఎంత చెడ్డాయో రక్తపరీక్షలో చెప్పే అంకె. వేరే ఊళ్ళలో ఎదురుపడితే వానల గురించి అడుగుతారేమో, మా దగ్గర "మీవోడికి ఎంతుందే?" అని అడుగుతారు. వాసు వాళ్ళ నాన్న, మా మావయ్య, ఆ కిడ్నీల జబ్బుతోనే పోయాడు. ఆయన పోయిన రెండేళ్ళకి వాసుకీ బయటపడింది. ఆ సాయంత్రమే నాన్న నన్ను పిలిచి, "ఆ గడప తొక్కకు" అన్నాడు. ఎందుకని అడగలేదు నేను. ఎందుకో నాకూ తెలుసు.

వాసు అంతకుముందు కాశీబుగ్గలో కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేసేవాడు. షాపువాళ్ళు మూల పడేసిన వాటిలోంచి ఒక్కో పార్టూ ఏరి తెచ్చి, ముందు తనకొక కంప్యూటరు, తర్వాత నాకొక కంప్యూటరు తయారుచేశాడు. నా దానికి పక్క మూత ఉండేది కాదు. లోపల బల్లి కాపురం పెట్టింది. దాన్ని తోలితే మళ్ళీ వచ్చేది, నేనూ వదిలేశాను.

ఆ ఏప్రిల్‌కి వాసు మంచం దిగి గుమ్మం దాకా రావడానికే ఆయాసపడుతున్నాడు. వారానికి రెండుసార్లు అత్త అతన్ని ఆటోలో పలాస తీసుకెళ్ళి, రైలెక్కించి, విశాఖ పెద్దాసుపత్రిలో రక్తం కడిగించి తెచ్చేది. వచ్చిన మర్నాడు కాస్త కోలుకుని, గుమ్మంలో నులక మంచం వేయించుకుని వీధి దాటేలా కేకలేసేవాడు. నడుమ నాన్న ఉన్నా సరే.

"మోహినీ! కార్ల రేసు గేమొకటి ఉందే. మన రెండు కంప్యూటర్లూ కలిపితే ఇద్దరం ఒకే రోడ్డు మీద పరిగెట్టొచ్చు."

"నీకు ఆయాసం కదా బావా."

"కారుకి రాదులే ఆయాసం."

చిన్నప్పుడు మేమిద్దరం ఒడ్డు మీద బోటు నుంచి బోటుకి పందెం పరిగెత్తేవాళ్ళం. "ముందు నువ్వెల్లు, నాను ఎనకొత్తాను" అనేవాడు ఎప్పుడూ. సగం దూరం నన్ను పోనిచ్చి, పక్కనుంచి దూసుకుపోయి, చివరి బోటెక్కి కూర్చుని నవ్వేవాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"నన్ను ముందొదలకుండా ఆడితేనే ఆడతాను," అన్నాను.

"వొదలనే. ఈపాలి వొదలను. ఒక్క రేసు. నిషేధం అయిపోయేలోగా ఒక్కటి."

ఆ వేసవంతా మాకు కావలసింది అదే. ఒక్క రేసు.

పాత షాపు నుంచి నీలం కేబుల్ చుట్ట ఒకటి తెప్పించాడు వాసు. అత్త దాని కొస కర్రకి కట్టి, తన రేకుల మీంచి మా పెంకుల మీదికి విసిరింది. నేను కిటికీలోంచి లాక్కున్నాను. నాన్న తలెత్తి చూశాడు.

"ఈ తాడేటి?"

"సదువుకి నాన్నా. నెట్‌వర్కని ఒక సబ్జెక్టుంది."

"ఎదురింటికి ఎల్లీ సదువా అది?" కాసేపు తాడుని చూశాడు. వెదురు సూది మళ్ళీ వలలో దూర్చాడు. "తాడెల్తే ఎల్లనీ. నువ్వు మాత్రం ఎల్లకు."

కేబుల్ కొసకి ప్లాస్టిక్ క్లిప్పు బిగించాలి. దాని కోసం పటకారులాంటి పనిముట్టు ఉంటుంది. తన వైపు క్లిప్పు వాసు ఎలాగో బిగించుకున్నాడు. ఆ తర్వాత వేళ్ళు వాచి ఇక పట్టు చిక్కలేదు. పనిముట్టు అత్త చేత పంపి, నా వైపు నన్నే బిగించమన్నాడు. లోపలి తీగలు ఎనిమిది. వాటి వరస అతను మంచం మీంచి అరుస్తుంటే నేను కిటికీ దగ్గర నిలబడి సర్దాను.

"పచ్చ తెలుపు! పచ్చ! నారింజ తెలుపు! నీలం! నీలం తెలుపు! నారింజ! మట్టి రంగు తెలుపు! మట్టి రంగు!"

"ఇవేటిరా, సీరలు అమ్ముతున్నావా?" అంది పక్కింటి పైడమ్మ, ఎండుచేపల గంప దించుకుంటూ.

బిగించాను. ఏమీ కాలేదు. అతనిది ఒకటో నంబరు, నాది రెండో నంబరు అని పెట్టుకుని, ఒక కంప్యూటరు నుంచి ఇంకోదాన్ని పలకరించాలి. దాన్ని పింగు అంటారు. అవతలిది బతికి ఉంటే బదులిస్తుంది. నేను పింగు కొట్టడం, బదులు రాకపోవడం, కరెంటు పోవడం. మర్నాడు మళ్ళీ. వాసు విశాఖ వెళ్ళడం, రావడం, మళ్ళీ మొదలు. మా అరుపులు వినీ వినీ వీధిలో అందరికీ ఆ మాట వచ్చేసింది. ఒడ్డు నుంచి వచ్చేవాళ్ళని చేపలు పడ్డాయా అని అడిగినట్టే, పైడమ్మ నన్ను, "పింగు పడ్డాదేటే?" అని అడిగేది.

ఒకరోజు వాసుకి అనుమానం వచ్చింది. "క్లిప్పు నాలిక పైకుంచి దూర్చినావా, కిందకుంచి దూర్చినావా?"

"పైకి."

"సచ్చేం. అన్నీ తిరగబడ్డాయే తల్లీ. కోసీసి మళ్ళీ ఎయ్యి."

కోసి మళ్ళీ వేశాను. ఈసారి తెర మీద బదులు వచ్చింది. ఒకదాని కింద ఒకటి నాలుగు వరసలు. నేను అరిచిన అరుపుకి నాన్న చేతిలో సూది జారిపోయింది. అవతల వాసు మంచం మీద లేచి కూర్చుని చప్పట్లు కొడుతున్నాడు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ వేసవిలో నేను సంతోషంగా ఉన్నది ఆ ఒక్క పూటే అనుకుంటాను.

ఎందుకంటే ఆట కలవలేదు. నేను ఆట తెరిచి పోటీ పెడితే నా గదిలో నేనొక్కదాన్నే. అతను పెడితే అతనొక్కడే. పింగు వెళ్తోంది, వస్తోంది, ఆటలో మాత్రం ఒకరికొకరం కనబడం. "వొచ్చినావా?" "వొచ్చినాను. నువ్వేవీ?" "ఇక్కడే ఉన్నానే బాబూ." అలా గంటల తరబడి. నా కంప్యూటర్లో ఏవేవో తీయించాడు, ఏవేవో పెట్టించాడు. ఎండకి అతని పెదాలు పగిలిపోయేవి. నీళ్ళు కొలత ప్రకారం తాగాలి. తడిబట్టతో పెదాలు అద్దుకుని మళ్ళీ అరిచేవాడు. ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లే, బొండం ముట్టకూడదు. "ఇంత దగ్గరుండీ అందదే," అన్నాడొకసారి. బొండాల గురించి అన్నాడనుకుని అత్త ఏడ్చింది. అతను గేము గురించి అన్నాడని నేననుకున్నాను.

ఒక మధ్యాహ్నం అత్త వచ్చి నాన్న గోనె పక్కన ఇసకలో కూర్చుంది. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. దాక్కోలేదు కూడా.

"అన్నయ్యా, ఆ మోహిని గుంటని ఒక్కపాలి పంపు. ఎదురుగా కూకుని సేత్తే బేగి అయిపోతాదంట."

"వొద్దే."

"ఆడికేటి అంటుజబ్బా?"

నాన్న వల ఒళ్ళోకి లాక్కున్నాడు. "నిన్ను ఆ ఇంట ఇచ్చినోణ్ణి నానే కదే. నిన్ను సూత్తన్నాను రోజూ. సాలదా నాకు?"

అత్త లేచి వెళ్ళిపోయింది. ఆయన మీద నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆయన వల పట్టుకుని, సూది ఎక్కడ దూర్చాలో తెలియనట్టు అలాగే కూర్చుండిపోవడం చూశాక, ఆ కోపం ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు.

నిషేధంలోనే మా ఊరి అమ్మవారి సంబరం. ఘటం నెత్తినెత్తుకుని ఆడవాళ్ళు వీధివీధీ తిరుగుతారు. ఘటం పైన ఏదీ అడ్డం ఉండకూడదు. దండేలు, తోరణాల తాళ్ళు అన్నీ ముందు రోజే విప్పేస్తారు. వాసు, అత్త ఆ రోజు విశాఖలో ఉన్నారు. నేను అమ్మతో కలిసి పసుపునీళ్ళు కలుపుతున్నాను. డప్పులు మలుపు దగ్గరికి వచ్చేశాయి. అసిరయ్య తాత, "పోలిగా, ఆ నీలం తాడు తియ్యిరా!" అని కేకేశాడు. నాన్న నడుముకున్న కత్తి తీసి ఒక్క వేటు వేశాడు. కేబుల్ రెండు ముక్కలై రెండు వైపులా గోడల మీద పడింది. ఆ మధ్యలోంచి ఘటం వెళ్ళిపోయింది.

నేను ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టలేదు. అమ్మ పెట్టింది.

మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే నాన్న నిచ్చెన మీద ఉన్నాడు. కేబుల్ మళ్ళీ వీధికి అడ్డంగా ఉంది. తెగిన కొసలు రెండూ ఒకదానిలో ఒకటి మెలేసి, మీద బోటు తాడుకి వేసే ముడి వేసి, నైలాను దారంతో బిగించి చుట్టి, దాని మీద బోటుకి పూసే తారు పూశాడు. చేతులకి అంటిన తారు కిరసనాయిలుతో తుడుచుకుంటూ కిందికి దిగాడు.

"సంబరం అయిపోనాది కదా. కట్టీసినాను." నా మొహం చూడకుండానే అన్నాడు. "నాను ముడేసినానంటే సముద్రం కూడా తెంపనేదు. ఆడొచ్చేక ఆడుకోండి."

ఆ కేబుల్ లోపల జుట్టంత సన్నటి రాగి తీగలున్నాయనీ, ఏ రంగుకి ఆ రంగు కలవాలనీ, తాడుని కట్టినట్టు కడితే అందులోంచి ఏదీ అవతలికి వెళ్ళదనీ నేను చెప్పాలి. ఆయన ముప్పై ఏళ్ళుగా తెగినదాన్ని ముడేసే బతికాడు. "మంచిదయ్యింది నాన్నా" అన్నాను.

వాసు తిరిగొచ్చాడు. ఈసారి ఆటోలోంచి ఇద్దరు పట్టుకుని దించారు. మర్నాడు గుమ్మంలోకి మంచం వేయించుకున్నాడు గానీ, కూర్చోలేక పడుకునే తెర వైపు తిరిగాడు.

"మోహినీ, కేబుల్ లేదని సూపిత్తందే. ఎర్రగా ఇంటూ మార్కు వొచ్చింది."

నేను వేలితో పైకి చూపించాను. అతను తల వెనక్కి వాల్చి నల్లటి ముడిని చూశాడు. కింద నాన్న వల మీద వంగి ఉన్నాడు. వాసు అటు చూశాడు, మళ్ళీ పైకి చూశాడు. నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది.

"మావ కట్టినాడా?"

తల ఊపాను.

"కోసీసి కలపనా?" అని సైగ చేశాను. అతను చెయ్యి అడ్డంగా ఊపాడు.

"వొద్దే. ఉండనీ. మావ కట్టిందే. ఇప్పకు." కాస్త ఊపిరి తీసుకున్నాడు. "వైజాగులో కొత్తది కొంటాను. దాని పక్కనుంచి లాగుదాం."

నాన్న తలెత్తకుండానే, "ఏటిరా, గట్టిగా ఉందా?" అని అడిగాడు.

"ఉంది మావా. శానా గట్టిగుంది."

మా వీధిలో వాసు మాట వినబడింది అదే ఆఖరు. ఆ వారం ఆసుపత్రిలో ఉంచేశారు. తర్వాత ఒకరోజు పైడమ్మ తన సెల్‌ఫోను పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. ఫోనులో అతని గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది.

"మోహినీ, ఎందుకు కలవనేదో తెలిసిందే. కంప్యూటర్లో ఫైర్‌వాలని గోడొకటి ఉంటాది. ఎవల్నీ లోపలికి రానీదు. నీ దాంట్లో తీయించినాను. నా దాంట్లో తియ్యడమే మర్సిపోనాను."

"తెలివితక్కువోడా," అన్నాను. "ఇన్నాళ్ళూ నా దాన్ని తిట్టినావు."

"తిట్టినాను. నానొచ్చేక తీత్తాను. కేబుల్ కొన్నాన్లే. మంచిది, మందంగా ఉంది."

"బేగి రా బావా."

"నువ్వు ప్రాక్టీసు సెయ్యి. ఈపాలి వొదలనని సెప్పినాను కదా."

ఆ తర్వాత ఫోను రాలేదు. అత్త ఒక్కతే విశాఖ నుంచి అతన్ని తీసుకొచ్చింది. ఆ రోజు నేను ఆ గడప తొక్కాను. నాన్న పక్కనే ఉన్నాడు. వద్దనలేదు.

పదో రోజు కర్మ అయ్యాక, చుట్టాలు ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళాక, అత్త మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె చేతిలో ఆసుపత్రికి తీసుకెళ్ళే సంచి ఉంది. అందులోంచి ప్లాస్టిక్ కవరు విప్పని కేబుల్ చుట్ట తీసింది.

"ఆడు కొన్నాడు. రెండు కొసలూ షాపోడి సేత బిగించి తెప్పించినాడు. ఆట పెట్టవే."

"అత్తా..."

"పెట్టవే. ఒక్క ఆటని అడిగినాడు కదా."

నేను నాన్న వైపు చూశాను. నిషేధం మర్నాటితో అయిపోతుంది. బోటు నీళ్ళలోకి దించడానికి అందరూ ఒడ్డున ఉన్నారు. ఆయన మాత్రం వెళ్ళలేదు. లేచి నిచ్చెన తెచ్చాడు. కొత్త కేబుల్‌ని పాతదాని పక్కనుంచి లాగుతూ, తన ముడి దగ్గర ఆగాడు.

"ఇది పనికిరానేదేటే?"

"గట్టిగానే ఉంది నాన్నా. పాతదయ్యిందంతే."

ఆయన నన్ను చూశాడు. నమ్మలేదని తెలిసింది. ఇంకేమీ అడగకుండా కొత్త కేబుల్ని ఆ ముడికే ఆనించి దారంతో కట్టాడు.

నేను వాసు గదిలోకి వెళ్ళాను. కీబోర్డు పక్కన పెదాలు అద్దుకున్న బట్ట ఎండిపోయి ఉంది. కంప్యూటరు వేశాను. గోడ ఎక్కడుందో వెతికి తీసేశాను. ఒక్క నిమిషం పని. ఇన్ని రోజుల అరుపులకి అడ్డమున్నది అదే. ఆట తెరిచి, పోటీ పెట్టి, అత్తని కుర్చీలో కూర్చోబెట్టాను. "నేను అక్కడ్నించి కేకేత్తాను. కేకేసినప్పుడు ఈ పెద్ద బటన్ నొక్కు" అని చెప్పి వీధి దాటి మా ఇంట్లోకి పరిగెత్తాను.

నా తెర మీద ఆట గది తెరుచుకుంది. అందులో నా పేరు ఉంది. దాని పైన, ఎప్పుడో అతను కొట్టి ఉంచిన పేరు ఉంది. వాసు.

"అత్తా, నొక్కు!"

రోడ్డు వచ్చింది. గీత మీద నా ఎర్ర కారు, పక్కనే అతని నీలం కారు. అంకెలు మూడు, రెండు, ఒకటి అని వచ్చి పోయాయి. దీపం పచ్చగా అయింది. నా వేళ్ళు కీల మీదే ఉన్నాయి.

"వొచ్చినాడేటే?" అత్త అవతల నుంచి అరిచింది.

"వొచ్చినాడత్తా."

"ఏటి సేత్తన్నాడు?"

నేను నీలం కారుని చూశాను. ఇంజను తిరుగుతున్న చప్పుడు వస్తోంది. "నిలబడి ఉన్నాడు."

అత్త, చిన్నప్పుడు మా పందేలు చూస్తూ ఒడ్డున కూర్చున్నప్పటి గొంతుతో, "నిన్ను ముందెల్లమంటన్నాడేమోనే. ఎల్లు. ఆడెనకొత్తాడులే," అంది.

నేను వెళ్ళలేదు. అతను ఈసారి వదలనన్నాడు. నేను కదిలితే వదిలినట్టే అవుతుందనిపించింది. వీధిలో నాన్న నిచ్చెన పట్టుకుని అలాగే నిలబడ్డాడు, ఒడ్డు నుంచి బోటు నెట్టేవాళ్ళు ఆయన్ని పేరు పెట్టి పిలుస్తున్నారు. రెండు కార్లూ గీత మీదే ఉన్నాయి. కరెంటు పోయేదాకా ఉన్నాయి.